సోదరుల కలహంలో సోమాలియా

2011 ఆగస్టు 19న, రంజాన్ మాసంలో, నాటి టర్కీ ప్రధాని ఎర్డోగాన్ కుటుంబసమేతంగా మొగదిషులో దిగారు. అప్పుడు సోమాలియా క్షామంలో ఉంది. ఆ క్షామం సుమారు 2 లక్షల 60 వేల మందిని బలిగొన్నదనీ, వారిలో సగం మంది ఐదేళ్లలోపు పసివారనీ తరువాతి అధ్యయనంలో తేలింది. ఆ రంజాన్‌లో మా మొహల్లా మసీదులో తరావీ నమాజు అనంతరం సోమాలియా కోసం చేసిన దువా మాకు ఇప్పటికీ గుర్తున్నది. ఆ పర్యటన తరువాత టర్కీ విమానాలు మొగదిషుకు రాకపోకలు మొదలుపెట్టాయి, పాడుబడిన ఆసుపత్రి బాగుపడింది. 2017 అక్టోబరులో లారీ బాంబు వందలాది ప్రాణాలు తీసినప్పుడు క్షతగాత్రులను చికిత్సకు తీసుకువెళ్లినదీ టర్కీ విమానమే.

సౌభ్రాతృత్వం అంటే ఇదేనని మేము సంతోషించాము. అయితే కథ అక్కడితో ముగియలేదు.

2017 జూన్‌లో సౌదీ అరేబియా, యుఏఈ తదితర దేశాలు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. మొగదిషు ప్రభుత్వం తటస్థంగా నిలిచింది. పుంట్‌లాండ్ వంటి ప్రాంతీయ ప్రభుత్వాలు మాత్రం కేంద్రాన్ని కాదని సౌదీ, యుఏఈల పక్షం వహించాయి. ఎక్కడో గల్ఫ్‌లో రేగిన తగవు సోమాలియా ఇంటిని నిలువునా చీల్చింది.

2018 ఏప్రిల్‌లో మొగదిషు విమానాశ్రయంలో యుఏఈ విమానం నుండి 96 లక్షల డాలర్లను అధికారులు స్వాధీనపరచుకున్నారు. అది సైనికుల జీతాల సొమ్మని యుఏఈ చెప్పింది. కావచ్చు. కానీ ఏళ్ల తరబడి జీతాల బిల్లులు వ్రాసిన గుమాస్తాలం మేము. ఖజానా లెక్కకు ఎక్కకుండా సంచులలో వచ్చే సొమ్ము ఎంత మంచి పనికైనా సరే, దానిని జీతమనలేము. సిపాయి ఎవరి చేతినుండి జీతం పుచ్చుకుంటాడో వారి మాటే వింటాడు. ఆ రభసలో యుఏఈ తన శిక్షకులను వెనక్కి పిలిపించుకుంది. మొగదిషులో ఉచితవైద్యం అందిస్తున్న షేక్ జాయెద్ ఆసుపత్రి కూడా మూతపడింది. ఆసుపత్రి ఏ పాపం చేసిందో మాకు నేటికీ అర్థం కాదు.

టర్కీని మాత్రం వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు. మొగదిషు రేవు, విమానాశ్రయాల నిర్వహణ టర్కీ సంస్థల చేతిలో ఉన్నది. సోమాలియా సముద్రంలో చమురు అన్వేషణకూ 2024లో ఒప్పందం కుదిరింది. అయినా అదే సంవత్సరం డిసెంబరులో సముద్రమార్గం విషయమై ఇథియోపియాకూ సోమాలియాకూ నడుమ ముదిరిన వివాదంలో అంకారా ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి ప్రకటన చేయించింది. స్వలాభం ఉన్నంత మాత్రాన మేలు మేలు కాకపోదు.

57 సభ్యదేశాలున్న ఇస్లామిక్ సహకార సంస్థ సమావేశాలలో తీర్మానాలకు కొదవ లేదు. సభ్యులు ఒక్క నియమానికి కట్టుబడితే చాలునని మా అభిప్రాయం: సోమాలియాకు ఇచ్చే ప్రతి పైసా ఆ దేశ ఖజానా ద్వారానే, అందరికీ కనబడే లెక్కతో వెళ్లాలి. దాతలు తమలో తాము పోట్లాడుకున్నా ఆసుపత్రి తలుపులు మూయరాదు.