రంగు కింద ఏముంది?

బొటనవేలంత సైనికులు, గుర్రపు రౌతులు, మంత్రగాళ్లు, రెక్కల పాములు. వీటిని బల్ల మీద బారులు తీర్చి, పాచికలు వేస్తూ, కొలబద్దతో దూరాలు కొలుస్తూ యుద్ధం ఆడే ఆట ఒకటి ఉంది. ఇంగ్లండు, అమెరికాలలో దీనికి మంచి ప్రచారం. రచయిత హెచ్.జి. వెల్స్ 1913లోనే ఇలాంటి ఆటకు నియమాలు కూర్చి ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం వేశాడు. 1974లో అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’, 1983లో ఇంగ్లండులో ‘వార్‌హ్యామర్’ వచ్చాక ఈ బొమ్మలు చాలా దేశాలకు పాకాయి. విదేశాల్లో ఉన్న పెద్దనాన్నగారి పిల్లలో, మేనమామ పిల్లలో ఆడి వదిలేసిన డబ్బా ఒకటి మీలో కొందరి ఇళ్లకూ చేరి ఉండవచ్చు.

ఈ బొమ్మలను ఎక్కువగా రంగు లేకుండానే అమ్ముతారు. రంగులు వేసుకోవడం ఆటలో సగం. చెయ్యి కుదరక ముందు వేసిన రంగు దళసరిగా పడి, బొమ్మకు కళ్లూ ముక్కూ పూడిపోతాయి. కొన్నాళ్లకు చెయ్యి కుదురుతుంది. అప్పుడు ఆ పాత రంగు ఊడదీసి మళ్లీ వేద్దామనిపిస్తుంది. కొత్త బొమ్మ కొనడం కంటె ఇదే మంచిదని నా ఉద్దేశం. అయితే, “రంగు పోవాలంటే దేంట్లో నానబెట్టాలి?” అని అడిగి చూడండి. ఒకరు స్పిరిట్ అంటారు, ఒకరు గోళ్లరంగు తీసే ద్రవం అంటారు, ఇంకొకరు కాస్టిక్ సోడా అంటారు. ముగ్గురూ తమకు పనిచేసిందే చెబుతారు. అయినా ఆ మాట విని మీ బొమ్మను మీరు పాడుచేసుకోవచ్చు. అందుకని నేను ముందుగా వేరే ప్రశ్న వేస్తాను: రంగు కింద ఉన్నది ఏమిటి?

ద్రావణీయత పాఠంలో మనం ఉప్పునూ పంచదారనూ నీళ్లలో కలిపి ముగించేస్తాం. పాతికేళ్లకు పైగా నేనూ ఈ పాఠం చెబుతున్నాను. ఒకే తీరు అణువులున్న పదార్థాలు ఒకదానిలో ఒకటి కరుగుతాయన్న వాక్యాన్ని పిల్లలు పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. కాని ఆ వాక్యానికి పని పడే చోటు ఇలాంటిదే. ఒక పొర పోవాలి, దాని కిందిది నిలవాలి. ఉప్పు కరిగిందా లేదా అని చూడటం కంటె ఇది ఎంతో కష్టమైన లెక్క.

ఇప్పటి బొమ్మలకు వేసేది ఎక్కువగా ఆక్రిలిక్ రంగు. డబ్బాలో ఉన్నప్పుడు అది నీళ్లలో తేలే అతిసూక్ష్మమైన ప్లాస్టిక్ బిందువుల గుంపు. నీరు ఆరిపోగానే ఆ బిందువులు ఒకదానికొకటి అతుక్కుని ఒకే పొర అవుతాయి. ఆ తర్వాత మళ్లీ నీళ్లు పోసినా ఆ పొర విడిపోదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలు అణువులు మాత్రం ఆ పొరలోకి దూరగలవు. నీళ్లలో శనగలు ఉబ్బినట్టు పొర ఉబ్బి, మెత్తబడి, కింది తలం మీద పట్టు సడలుతుంది. పాత పళ్లబ్రష్షుతో మెల్లగా రుద్దితే చర్మంలా లేచివస్తుంది. పాలిస్టైరీను ప్లాస్టిక్‌ను ఈ ఆల్కహాలు దాదాపు ఏమీ చెయ్యదు. లోహాన్ని అసలే చెయ్యదు. రెజిన్ అనే రకం ప్లాస్టిక్ బొమ్మలైతే ఎక్కువ సేపు నానితే మెత్తబడవచ్చు.

ఇక అసిటోన్. గోళ్లరంగు తీసే ద్రవాల్లో చాలావాటిలో ఉండేది ఇదే. ఆక్రిలిక్ రంగును ఇది ఇంకా త్వరగా లాగేస్తుంది. లోహపు బొమ్మకు దానితో భయం లేదు. ప్లాస్టిక్ బొమ్మను అందులో వేస్తే రంగుతో పాటు బొమ్మ కూడా పోతుంది. నమ్మకం కుదరకపోతే మీ సైన్సు మాస్టారి ఎదుట ఒక ధర్మాకోల్ ముక్క మీద నాలుగు చుక్కలు వేసి చూడండి. ధర్మాకోల్ కూడా పాలిస్టైరీనే, గాలి నింపినది. చూస్తుండగానే కుంగి జిగురుముద్ద అవుతుంది. ఈ రెండు ద్రవాల ఆవిరీ ఇట్టే అంటుకుంటుంది. కనుక పొయ్యి, దీపం, అగరువత్తి ఉన్న గదిలో వాటి మూత తియ్యకూడదు. పెద్దవాళ్లు పక్కన ఉండాలి, కిటికీలు తెరిచి ఉండాలి.

ఇంగ్లండులో ఈ సరదా ఉన్నవాళ్లు డెటాల్‌లో బొమ్మలు నానబెడతారు. అక్కడ ఒక తమాషా ఉంది. నానిన బొమ్మను తీసి నేరుగా నీళ్ల కింద పెడితే రంగు పోకపోగా, బంకలా మారి బొమ్మంతా పట్టుకుంటుంది. డెటాల్‌లో నీళ్లు పోస్తే పాలలా తెల్లబడటం మీరు చూసే ఉంటారు. అందులో కరిగి ఉన్న నూనెలు నీరు తగలగానే విడివడి బయటపడతాయి. మెత్తబడ్డ రంగుకూ అదే గతి. అందుకని అనుభవం ఉన్నవాళ్లు ముందు డెటాల్‌లోనే రుద్ది కడిగి, ఆ తర్వాతే సబ్బునీళ్లకు వెళతారు. కారణం ఆలోచించేవాడికి ఈ వరుస ఎవరూ చెప్పనక్కర లేదు.

ఇంతవరకూ చెప్పినదానిలో పాడైతే బొమ్మే పాడవుతుంది. ఇకమీద చెప్పేది మీ ఆరోగ్యం సంగతి. 1893లో లండనులోని విలియం బ్రిటన్ కంపెనీ బోలు సైనికులను పోతపోసే పద్ధతి తెచ్చింది. కరిగిన సీసపు మిశ్రమలోహాన్ని అచ్చులో పోసి, అచ్చుకు తగిలిన పైపొర గట్టిపడగానే లోపల మిగిలిన ద్రవాన్ని వంచేసేవారు. లోహపు బొమ్మల్లో సీసం 1990ల దాకా సామాన్యం. ఆ కాలపు బొమ్మ చేతికి బరువుగా తగిలితే సీసమనే అనుకోండి. పాత నూనెరంగుల్లోనూ సీసం ఉండేది. పసుపు, నారింజ రంగులకు సీసపు క్రోమేటు, తెలుపుకు సీసపు కార్బనేటు వాడేవారు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం 2016లో వెలువడి, 2017 నవంబరు నుంచి అమలుకు వచ్చింది. అంతకు ముందు వేసిన రంగు గురించి ఆ ధైర్యం లేదు. గరుకు కాగితంతో గీకితే ఆ సీసం పొడిగా లేచి గాలిలోకీ, వేళ్ల మీదికీ, అక్కడి నుంచి నోటిలోకీ చేరుతుంది. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు పసిపిల్లల ఒంటికి పడుతుంది. రక్తంలో ఇంత దాకా ఉంటే ఫరవాలేదనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సీసపు బొమ్మల రంగు ఊడదీయడం బడిపిల్లలు చెయ్యాల్సిన పని కాదు. ఈ మాట నేను కచ్చితంగానే చెబుతున్నాను.

మన ఇళ్లలో ఇత్తడి చెంబును చింతపండుతో తోముతాం గదా, సీసపు బొమ్మనూ పుల్లటిదేదో పెట్టి శుభ్రం చేద్దామని ఎవరికైనా తోచవచ్చు. వద్దు. వెనిగర్ ఆవిరి తగిలినా చాలు, సీసం తెల్లటి పొడిగా మారుతుంది. పూర్వం తెల్లరంగు కోసం సీసపు రేకులను వెనిగర్ కుండల్లో పెట్టి ఆ పొడినే కావాలని తయారుచేసేవారు. అది విషం.

రంగులు పీకే ద్రవాల్లో డైక్లోరోమీథేన్ అని ఒకటి ఉంది. దాదాపు ఏ రంగునైనా నిమిషాల్లో లేపుతుంది. అది మరిగేది 40 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర. మన మే నెల ఎండ అంతకు తక్కువేమీ కాదు! దాని ఆవిరి పీలిస్తే శరీరం దాన్ని కార్బన్ మోనాక్సైడుగా మారుస్తుంది, రక్తం ప్రాణవాయువును మొయ్యలేకపోతుంది. అమెరికాలో 2019లో ఈ ద్రవం కలిసిన రంగుతీత మందులను ఇళ్లలో వాడకానికి అమ్మడం నిషేధించారు. ఎంత త్వరగా పనిచేస్తే అంత మంచి మందు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సీమ బొమ్మల మీద తిరిగిన చెయ్యి అటక మీది కొలువు బొమ్మల మీదికి పోకుండా ఉండదు. అక్కడ ఈ లెక్క అంతా తలకిందులు. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రది. దాని నిగనిగ అంతా లక్కదే. చిలకపట్టే తరిమెన మీద బొమ్మ తిరుగుతుండగా లక్కకడ్డీ ఒత్తితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. లక్క నీళ్లలో కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. లోహపు సైనికుడికి ఏ హానీ చెయ్యని ఆ ద్రవమే ఈ బొమ్మ అందాన్ని తుడిచేస్తుంది. సానిటైజర్ రాసుకున్న తడిచేత్తో కూడా దాన్ని పట్టుకోకండి. కొండపల్లి బొమ్మ సంగతి వేరు. అది తేలికైన పొణికి కర్రది. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలను అతికి, సున్నపు పూత వేసి, ఆపైన రంగులు దిద్దుతారు. దాన్ని నీళ్లలో నానబెడితే రంగు సంగతి అటుంచి, చేతులూ తలా ఊడివస్తాయి.

అందుచేత అన్ని పాత రంగులూ ఊడదీయదగ్గవని నేను అనుకోను. మొన్న మొన్న మీరే వేసిన ఆక్రిలిక్ రంగును నిశ్చింతగా తీసెయ్యండి. తీసిన మడ్డిని తూములో పొయ్యకండి. మూత బిగించి ఒకరోజు కదలకుండా ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది. పైన తేరిన ద్రవాన్ని మళ్లీ వాడుకోవచ్చు. అమ్మమ్మ కాలం నాటి కొలువు బొమ్మకు మాత్రం పొడిగుడ్డ, మడతల్లో దుమ్ముకు ఒక మెత్తటి కుంచె చాలు. ఎగిరిపోయిన చోట కొత్త రంగు పుయ్యాలని మరీ అనిపిస్తే, కుంచె ముంచే ముందు ఆ బొమ్మ ఎక్కడిదో, దేనితో చేసిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి.