పింఛనుదారు మరణానంతర చెల్లింపులు – కుటుంబ సభ్యుల బాధ్యత

వినుకొండ: ప్రభుత్వ పింఛనుదారు మరణించిన సమాచారం ఉప ఖజానా కార్యాలయానికి చేరని పక్షంలో పింఛను బ్యాంకు ఖాతాలో యథావిధిగా జమ అవుతూనే ఉంటుంది. వార్షిక జీవన ధ్రువీకరణ పత్రం అందనప్పుడు మాత్రమే విషయం వెలుగులోకి వస్తుంది. అప్పటికే ఆ సొమ్ము కర్మకాండలకో, వైద్యం అప్పులకో ఖర్చయిపోతుండటంతో వసూలు సమస్యగా మారుతోంది.

పొరపాటున అధికంగా చెల్లించిన మొత్తాలను మూడవ, నాలుగవ తరగతి ఉద్యోగుల నుండి, పదవీ విరమణ చేసినవారి నుండి రాబట్టరాదని సుప్రీంకోర్టు 2014 డిసెంబరు 18న రఫీక్ మసీహ్ కేసులో స్పష్టం చేసింది. అయితే ఆ తీర్పు ఉద్యోగికి జరిగిన చెల్లింపులకు సంబంధించినది. మరణానంతరం జమ అయిన పింఛనుపై వారసులకు హక్కు లేదు.

అర్హులైన భార్యకు లేదా భర్తకు మరణించిన మరునాటి నుండి కుటుంబ పింఛను వర్తిస్తుంది. కనుక అధిక మొత్తాన్ని ఆ బకాయిలలో సర్దుబాటు చేయుటకు వీలుంటుంది. అర్హులు లేని కుటుంబాలలో సంతానమే ఆ సొమ్మును తిరిగి చెల్లించవలసి ఉంటుంది. వసూలుకు ముందు నెలవారీ లెక్కను వారికి లిఖితపూర్వకంగా తెలియజేయడం సమంజసం.

మరణాన్ని 21 రోజులలోగా నమోదు చేయించి, ధ్రువపత్రాన్ని ఖజానా కార్యాలయానికి, బ్యాంకుకు అందజేయాలి. అంతవరకు ఖాతా నుండి సొమ్ము తీయరాదు. జాప్యం జరిగితే కుటుంబంపై బాకీ పెరగడమే కాక, జీవిత భాగస్వామికి రావలసిన పింఛను కూడా ఆలస్యమవుతుంది.