నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా పరుగెత్తండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చీకటి విడవకముందే మీరు మైదానంలో ఉంటారు. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం కొందరు, ఆర్మీ కోసం కొందరు. 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో దాటాలని ఒకరు సెల్‌ఫోన్‌లో టైము చూస్తుంటే మిగతావాళ్లు రొప్పుతూ ఆఖరి రౌండు లాగుతుంటారు. అటు నుంచి అటే స్నానం, టిఫిను, కోచింగ్ సెంటరు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి నంద్యాలలో రూము తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నవాళ్లూ మీలో ఉన్నారు. ఆ కష్టం చిన్నది కాదని నాకు తెలుసు. ఏడాదిలో ఒక్క పొద్దు మాత్రం మీ కాళ్లను సాటి మనుషుల కోసం అడుగుతున్నాను.

నంద్యాల నుంచి సిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు. లోకమంతా గొప్పగా చెప్పుకునే ఆ దూరం ఇంచుమించు మన రెండు ఊళ్ల మధ్యే ఉంది. బస్సులో కునికిపాట్లు పడుతూ దాటేస్తున్నాం. ఒకసారి ఆ దారిని కాళ్లతో దాటండి. కిలోమీటరుకు ఇంత ఇస్తామని ఊరివాళ్ల దగ్గర ముందే మాట తీసుకోండి. వచ్చిన డబ్బు వరదలోనో కరువులోనో దెబ్బతిన్న ఇళ్లకు చేర్చండి.

మనమే ఎందుకు పూనుకోవాలి అంటారా? ముక్కూ మొహం తెలియనివాళ్ల చందాలతో ఒకప్పుడు ఊపిరి నిలుపుకున్న నేల మనది. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద మన ఊళ్లు కూడా ఉన్న కర్నూలు జిల్లా పడ్డ బాధ అంతా ఇంతా కాదు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య ఈ జిల్లా జనంలో దాదాపు నాలుగో వంతు తరిగిపోయింది. 1877లో లండన్ మేయర్ పిలుపిస్తే అక్కడి ప్రజలు చందాలు వేశారు. ఆస్ట్రేలియా నుంచీ డబ్బు వచ్చింది. కరువు పనికి వచ్చిన కూలీకి రోజుకు ఒక్క పౌను గింజలు చాలని కొలత పెట్టింది ఇంగ్లండు దొరలే. మన ఊళ్ల పేర్లు పలకడం కూడా రాకపోయినా చందా వేసింది ఆ దేశపు మామూలు జనం. ఈ రెండూ కలిపి గుర్తుపెట్టుకోవాలి.

ఆ చందాల డబ్బు ఏమైందో చూడండి. గంజి కేంద్రాలు, కరువు పనులు ప్రభుత్వం నడుపుతుంటే, చందాల్లో చాలా భాగం విత్తనాలకు, ఎద్దులకు, కూలిన ఇళ్ల కప్పులకు వెళ్లింది. చావు తప్పించుకున్న మనిషి మళ్లీ మడక కట్టాలంటే ఏం కావాలో అది ఇచ్చారు. మీరు పెట్టబోయే నిధి కూడా ఇదే దారిలో నడవాలని నా గట్టి నమ్మకం. కారణం తర్వాత చెబుతాను.

పుచ్చుకోవడమే కాదు, పెట్టడమూ ఈ నేలకు తెలుసు. ఆళ్లగడ్డకు దగ్గర్లోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వచ్చినవాళ్లకు వచ్చినట్టు అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. సీమ జనం ఆయన మీద పాట కట్టుకుని తరాలుగా పాడుకున్నారు. నా లెక్కలో ఆ పాటే పెద్ద బిరుదు. 1952లో రాయలసీమ కరువు పాలైతే ఎన్టీఆర్ బయటికొచ్చి విరాళాలు పోగుచేశారు. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ తోటి నటులతో కలిసి ఊరూరా జోలె పట్టారు. తెర మీద రాజులుగా, దేవుళ్లుగా కనిపించేవాళ్లు వీధిలో చెయ్యి చాచడానికి సిగ్గుపడలేదు. మీరు చాచేది కూడా మీ కోసం కాదు. సిగ్గెందుకు?

ఇక మీ కళ్లముందు జరిగినవి. 2009 అక్టోబర్ 2న కర్నూలు నగరం నీళ్లలో మునిగింది. ఆ రోజుల్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి పడింది. 2019 సెప్టెంబర్‌లో కుందేరు పొంగింది, మహానంది గుడిలోకి నీళ్లు చేరాయి, ఆళ్లగడ్డ వైపు వక్కిలేరు ఒడ్డు మీరింది. నంద్యాలలో చామకాల్వ, మద్దిలేరు పక్కన ఇళ్లున్నవాళ్లను అడగండి. గట్టి వాన పడిన రాత్రి వాళ్లు బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు మంచం మీదికి ఎక్కించి కూర్చుంటారు.

వరద వచ్చిన మొదటి వారం అన్నం పొట్లాలకు కొదవ ఉండదు. మన ఊళ్లలో ఆ గుణం ఇంకా చావలేదు. గుళ్లు, మసీదులు, చర్చిలు, కుర్రాళ్ల సంఘాలు పోటీపడి వండి పంపుతాయి. ఆ తర్వాత లారీలు ఆగిపోతాయి, ఫోటోలు ఆగిపోతాయి. అసలు అవసరం అక్కడే మొదలవుతుంది. సెప్టెంబర్‌లో పైరు కొట్టుకుపోయిన రైతును తీసుకోండి. కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ వైపు నల్లరేగడి భూముల్లో నీళ్లు తీసి, బురద ఆరి, నేల పదునుకు వచ్చేది కొన్ని వారాల తర్వాత. అక్టోబర్, నవంబర్‌లలో శనగ విత్తాలి. పదును రైతు కోసం ఆగదు. నష్టపరిహారం లెక్కలు రాసుకుని, జాబితాలు పైకి వెళ్లి, డబ్బు ఖాతాలో పడేదాకా కూడా ఆగదు. ఆ పది పదిహేను రోజుల్లో విత్తనం మూట చేతికి అందితే ఆ ఏడాది ఆ ఇల్లు నిలబడుతుంది, అందకపోతే వడ్డీకి తేవాలి. మీ పరుగు డబ్బు వెళ్లాల్సింది ఆ సందులోకి. విత్తనం, తడిసిన పుస్తకాలకు బదులు కొత్తవి, చెడిపోయిన కుట్టుమిషను, తోపుడు బండి చక్రం. ఇవి చిన్న మొత్తాలు, కానీ వీటి కోసం ఎవరూ లారీ కట్టుకుని రారు.

పరుగులు మనకు కొత్త కాదు. ఏటా ఏదో ఒక పేరుతో 2కే రన్ జరుగుతూనే ఉంది. పెద్దలు జెండా ఊపుతారు, అందరూ ఒకే రంగు టీషర్టులు వేసుకుంటారు, కూడలి దాకా పరుగెత్తి ఆగిపోతారు. అవగాహన మంచిదే. కానీ టీషర్టులకు, ఫ్లెక్సీలకు పోయిన ఖర్చు ఒక ఇంటి కష్టానికి పోయి ఉంటే ఎంత బాగుండేది అని నాకు ప్రతిసారీ మనసు గుంజుతుంది. మన పరుగులో ఫ్లెక్సీలు వద్దు. పాత బనీను చాలు.

లెక్క చూడండి. మీకు తెలిసినవాళ్లు వందమంది కిలోమీటరుకు 5 రూపాయలు ఒప్పుకుంటే 40 కిలోమీటర్లకు ఒక్కొక్కరి నుంచి 200, మొత్తం 20 వేలు. పదిమంది ఇలా తలా వందమందిని ఒప్పిస్తే రెండు లక్షలు. ఒక నోటు పుస్తకం చాలు: పేరు, కిలోమీటరుకు ఎంత, ఇచ్చారా లేదా. అందరి కళ్లముందూ రాయండి. డబ్బు ఎవరి సొంత ఖాతాలోకీ వెళ్లకూడదు, ముగ్గురి సంతకాలుంటేనే తీసేలా సంఘం పేరున ఖాతా తెరవండి. ఖర్చైన ప్రతి రూపాయీ బిల్లుతో సహా ఊళ్లో నలుగురూ చదివే చోట అంటించండి. మొదటి ఏడాది లెక్క శుభ్రంగా ఉంటే రెండో ఏడాది మీరు అడగకముందే ఇస్తారు.

కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడు క్యాన్సర్‌తో కాలు పోగొట్టుకుని, 1980లో కృత్రిమ కాలితో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. దేశంలో ప్రతి మనిషీ ఒక్క డాలర్ ఇవ్వాలన్నది అతని కోరిక. నెలల్లోనే దేశ జనాభాకు సరిపడా డాలర్లు పోగయ్యాయి. 2011 లెక్కల్లో ఇప్పటి నంద్యాల జిల్లా జనం దాదాపు 18 లక్షలు. తలకు ఒక్క రూపాయి చాలు.

ఒంటరిగా 40 కిలోమీటర్లు పరుగెత్తమని కొత్తవాళ్లకు చెప్పను. అది నెలల సాధన అడుగుతుంది. పదిమంది జట్టు కట్టి తలా నాలుగు కిలోమీటర్లు పంచుకోండి. 1600 మీటర్లు కొట్టేవాళ్లకు అది పెద్ద మాట కాదు. ఆడపిల్లల జట్టు వేరుగా కట్టుకున్నా, కలిసి కట్టుకున్నా ఆ నిర్ణయం వాళ్లకే వదలండి. రోడ్డు మీద లారీలు ఆగవు కాబట్టి పోలీసుల అనుమతి తీసుకోండి, ముందొక బండి, వెనకొక బండి, వీలైతే అంబులెన్సు పెట్టుకోండి. మన ఎండ సంగతి మీకు చెప్పాలా! డిసెంబర్, జనవరి తప్ప వేరే నెల ఆలోచించకండి.

ఇప్పుడు డల్లాస్‌లో, లండన్‌లో, కువైట్‌లో ఉన్న మన పిల్లలతో ఒక మాట. మీ నాన్నదో తాతదో ఊరు ఇక్కడే. అదే రోజు మీరున్న చోట పార్కులో అంతే దూరం పరుగెత్తండి, అక్కడి స్నేహితులను కిలోమీటరు లెక్కన అడగండి. డబ్బు పంపేటప్పుడు జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే వస్తుంది, దాన్ని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉన్న సంస్థే పుచ్చుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకు మళ్లించడానికీ వీల్లేదు. స్నేహితుడి ఖాతాలో వేసేస్తే సరిపోతుందనుకుంటే ఇక్కడి కుర్రాళ్లు చిక్కుల్లో పడతారు.

డబ్బు మనవాళ్లకే ఇవ్వాలా, బయటివాళ్లకూ ఇవ్వాలా అని రేపు మీలో మీకు వాదన వస్తుంది. కుందేరు ప్రశాంతంగా ఉన్న ఏడాది పక్క జిల్లాకు ఇవ్వండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు సింగ్‌నగర్ వాసులు పడ్డ పాట్లు మద్దిలేరు ఒడ్డునున్నవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

కుందేరు పొంగేది వానాకాలంలో. అప్పటికి డబ్బు ఖాతాలో సిద్ధంగా ఉండాలి. వరద వచ్చాక పరుగు పెడితే పదును దాటిపోతుంది. కాబట్టి ఈ ఆదివారమే పదిమంది బయల్దేరి సిరివెళ్ల దాకా వెళ్లి రండి. నీళ్లు ఎక్కడెక్కడ పెట్టాలో, ఏ మలుపు దగ్గర లారీలు దూసుకొస్తాయో, ఏ పల్లెలో ఏ పెద్దాయన్ని కలిస్తే ఊరంతా కదులుతుందో రాసుకుని రండి.