కంట్లో పుల్ల గుచ్చుకుంటే... పసరు వద్దు, పరీక్ష కావాలి

ఈ వారం ఉత్తరం బత్తలపల్లి సోదరిది. "శనక్కాయ చెట్లు పీకేటప్పుడు మా అత్తగారి కంట్లో పుల్ల గుచ్చుకుంది. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే ఎరుపు తగ్గింది. పది రోజులకు నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తోంది. ఆకుపసరు పిండమంటున్నారు, పిండవచ్చా?" అని అడిగారు.

వద్దమ్మా, పిండనే వద్దు! ఈరోజే ధర్మవరమో, అనంతపురమో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ చుక్కల సీసా కూడా వెంట పట్టుకెళ్లండి. పుల్లతోబాటు బూజు కంట్లోకి చేరి పుండు పడితే మచ్చ ఇలాగే కనిపిస్తుంది. ఎరుపు తగ్గిందని మురిసిపోవద్దు. చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల బూజు మాత్రం బలుస్తుంది.

అది బూజో, బాక్టీరియానో పైకి చూసి చెప్పడం డాక్టరుకైనా కష్టం. దేని మందు దానిదే. అందుకే ముందు పరీక్ష. కంట్లో మత్తు చుక్కలు వేసి పుండు మీద కాస్త గీకుతారు, భయపడక్కర్లేదు. ఆ గీకిన దాన్ని గాజు స్లైడు మీద పెట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తారు. కంటి కణాలు కరిగి, బూజు పోగులు మైక్రోస్కోపులో దారాల్లా తేలతాయి. చాలాసార్లు అదేరోజు సంగతి తేలిపోతుంది. హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 1991 నుంచి 2000 దాకా బూజు పుండ్లని తేలిన 1,352 మంది లెక్కలు చూస్తే, ఈ చౌక పరీక్షలోనే నూటికి సుమారు 90 మందిలో బూజు దొరికిపోయింది.

మరికాస్త గీకి, చక్కెర కలిసిన జెల్లీ మీద రాసి ఉంచుతారు. తడి గరిటె పెట్టిన ఆవకాయ మీద లేచినట్టే కొద్దిరోజుల్లో దానిమీదా బూజు లేస్తుంది. దాని గింజలు కొడవలిలా వంగి ఉంటే ఫ్యుసేరియం. పోగుల చివర బంతిపువ్వుల్లాంటి తలలుంటే ఆస్పర్జిల్లస్. పాడైన శనక్కాయల మీద పసుపుపచ్చగా పట్టే బూజు ఈ రెండో దాని కుటుంబమే!

బూజని తేలితే సాధారణంగా నాటమైసిన్ చుక్కలు రాస్తారు. మొదట్లో గంటగంటకూ వేయాలి, వారాల తరబడి వాడాలి. కాస్త నయమైందని మధ్యలో మానేయకండి.

ఇక మీకందరికీ ఒక మాట. చెట్లు పీకేటప్పుడు, తూర్పారబట్టేటప్పుడు మామూలు కళ్లద్దాలైనా పెట్టుకోండి. దుమ్ము పడితే నలపకుండా మంచినీళ్లతో కడగండి. తల్లిపాలు, తేనె, పసరు ఏవీ పోయకండి. నల్లగుడ్డు మీద పువ్వు ముదిరిందంటే పోయిన చూపు తెచ్చుకోవడం కష్టం. కూలి ఒక్కరోజు పోతే పోయింది, కన్ను దక్కాలి గదమ్మా!