స్పార్క్ ఎక్కడ ఆగింది?

తాతయ్య పాత చేతక్ స్టార్ట్ కావట్లేదు. ప్లగ్ విప్పి, ఇంజిన్ బాడీకి ఆనించి కిక్ కొట్టాను. స్పార్క్ లేదు! వీడియోలు చూసి ప్లగ్ మార్చాను, కాయిల్ మార్చాను. లాభం లేదు. ఇంట్లో తుక్కుకి అమ్మేద్దామన్నారు.

పూర్ణా మార్కెట్ దగ్గర మెకానిక్ బాబాయ్ నవ్వారు. "ఏటి బాబూ, కరెంటు ఎక్కడ ఆగిందో సూడకుండా పార్టులు మారిసేత్తే ఎలగ?" ప్లగ్ నుంచి వెనక్కి ఒక్కొక్కటే చూశారు. కాంటాక్ట్ పాయింట్లకి మసి పట్టింది. అవి సరిగ్గా కలిసి విడిపోతేనే కాయిల్‌లో హై వోల్టేజ్ పుడుతుంది. గరుకు కాగితంతో రుద్ది, గ్యాప్ సరిచేశారు. రెండో కిక్కుకి స్టార్ట్!

మనం కోడ్‌లో చేసేదీ నా తప్పే కదా? ఎర్రర్ రాగానే అన్నీ ఒకేసారి మార్చేస్తాం. అందుకే అంటున్నా, సీఎస్ఈ వాళ్లకీ ఫస్టియర్ వర్క్‌షాప్‌లో ఒక పాత ఇంజిన్ పెట్టాలి. డీబగ్గింగ్ అక్కడే మొదలవ్వాలి.