చేపనూనె మాత్ర మానేద్దామా?

మన హాస్టల్లో జిమ్‌కు పోయేవాళ్ళ అలమర తలుపు తీస్తే వే ప్రోటీన్, క్రియేటిన్, వాటి పక్కన బంగారు రంగు మాత్రల డబ్బా ఒకటి కనిపిస్తుంది. చేపనూనె. ఒమేగా త్రీ అని పెద్దక్షరాలు, కింద గుండె బొమ్మ. ఈ మధ్య ఆ డబ్బా గురించి మావాళ్ళలో రెండు పార్టీలు అయినాయి. "సైడ్ ఎఫెక్ట్స్ ఉండాయంట మచ్చా, గుండె దడ వస్తాదంట, నేను మానేసినా" అనేది ఒకటి. "చేపే కదరా, చేపకు సైడ్ ఎఫెక్ట్ ఏంది" అనేది ఇంకొకటి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనలో చాలామంది దాన్ని మానేయొచ్చు. కానీ మా రెండు పార్టీలూ చెప్పే కారణాలకు కాదు. ఇంకో మాట, దాన్ని సొంతంగా మానకూడని వాళ్ళు కొందరు ఉన్నారు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వాళ్ళే.

ముందు చిన్న ఇబ్బందుల సంగతి. చేప వాసన తేన్పులు, కడుపులో తిప్పడం, కొందరికి విరేచనాలు. నూనె నీళ్ళ కన్నా తేలిక, కడుపులో పైకి తేలుతుంది, తేన్పుతో పాటు దాని వాసన కూడా వస్తుంది. ఖాళీ కడుపుతో వేసుకుని ల్యాబ్ వైవాకు పోతే ఎదురుగా ఉన్న మేడంకు కూడా తెలిసిపోతుంది. అన్నంతో పాటు వేసుకుంటే చాలావరకు తగ్గుతుంది. దీనికి భయపడాల్సింది ఏమీ లేదు.

గుండె దడ సంగతి అలా కొట్టిపారేసేది కాదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని ఒక జబ్బు ఉంది. గుండె పైగదులు లయ తప్పి వణుకుతాయి, అక్కడ రక్తం గడ్డ కట్టి మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. 2021లో ఏడు పెద్ద పరీక్షల్ని, అంటే 81,210 మంది వివరాల్ని, కలిపి చూశారు. రోజుకు ఒక గ్రాము కన్నా ఎక్కువ ఒమేగా త్రీ తీసుకున్న పరీక్షల్లో ఈ జబ్బు వచ్చే అవకాశం 49 శాతం పెరిగింది. ఒక గ్రాము, అంతకన్నా తక్కువ తీసుకున్న వాటిలో 12 శాతం. 2024లో బ్రిటన్‌లో నాలుగు లక్షల పైచిలుకు మంది వివరాలతో వచ్చిన ఇంకో పరిశీలన, గుండె జబ్బు లేనివాళ్ళలో 13 శాతం అంది. ఆ వార్తే రీల్స్‌లో ముక్కలై మన దాకా వచ్చింది.

49 శాతం అనగానే అదిరిపోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. శాతం అన్నాక దేని మీద అని అడగాలి కదా, ప్రాబబిలిటీ సబ్జెక్టు బ్యాక్‌లాగ్ ఉన్నవాడికి కూడా ఆ సంగతి తెలుసు. రెడ్యూస్-ఇట్ అనే పరీక్షలో ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరినవాళ్ళు మామూలు నూనె గుంపులో వందకు 2.1, మందు గుంపులో వందకు 3.1. అంటే ఏళ్ళ తరబడి చూస్తే వందమందిలో ఒక్కరు ఎక్కువ. అది కూడా అప్పటికే గుండె జబ్బో షుగరో ఉన్న పెద్దవాళ్ళలో, రోజుకు నాలుగు గ్రాముల మోతాదుతో. ఇరవై ఏళ్ళ వయసులో ఈ జబ్బు రావడమే చాలా అరుదు. చాలా చిన్న సంఖ్యను పన్నెండో పదమూడో శాతం పెంచితే వచ్చేది ఇంకో చాలా చిన్న సంఖ్య. కాబట్టి రూమ్మేట్ నిన్న ఒక మాత్ర వేసుకున్నాడని ఈరోజు ఈసీజీకి పరుగెత్తాల్సిన పని లేదు.

మరి మానేయమని ఎందుకంటున్నాను? అవతలి తక్కెడలో ఏమీ లేదు కాబట్టి.

ఈ కథ గ్రీన్‌లాండ్‌లో మొదలైంది. 1970ల్లో బ్యాంగ్, డైయర్‌బర్గ్ అనే ఇద్దరు డెన్మార్క్ పరిశోధకులు అక్కడి ఇన్యూట్ జనాల రక్తాన్ని పరీక్షించారు. సీల్, చేప కొవ్వు అంత తింటున్నా వాళ్ళకు గుండె జబ్బులు తక్కువ, కారణం ఒమేగా త్రీ అని ఊహించారు. మంచి ఊహే. కానీ వాళ్ళు గుండె జబ్బుల్ని స్వయంగా పరీక్షించి లెక్కపెట్టలేదని, అప్పటికే ఉన్న ఆరోగ్యశాఖ రికార్డుల మీద ఆధారపడ్డారని 2014లో ఒక సమీక్ష ఎత్తిచూపింది. దూరదూరంగా మంచులో ఉండే పల్లెల్లో గుండెపోటుతో పోయినవాళ్ళందరూ రికార్డుకు ఎక్కారా అనేది ప్రశ్న. ఆ లోపే మాత్రల వ్యాపారం లోకమంతా పాకిపోయింది.

తర్వాత గట్టి పరీక్షలు జరిగాయి. 2018లో ఫలితాలు వచ్చిన అసెండ్ పరీక్షలో 15,480 మంది షుగర్ పేషెంట్లు. సగం మందికి ఏడేళ్ళకు పైగా రోజూ ఒక గ్రాము చేపనూనె మాత్ర, సగం మందికి ఆలివ్ నూనె మాత్ర. గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చింది ఒక గుంపులో 8.9 శాతానికి, ఇంకో గుంపులో 9.2 శాతానికి. అంత చిన్న తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. అదే ఏడాది అమెరికాలో 25,871 మందితో చేసిన వైటల్ అనే పరీక్ష ఫలితాలు కూడా వచ్చాయి. అక్కడా మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇక్కడ అవతలి పార్టీ వాళ్ళకు ఒక మంచి పాయింట్ ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. వైటల్‌లో చేపలు తక్కువ తినేవాళ్ళను మాత్రం విడిగా చూస్తే కొంత మేలు కనిపించింది. మన సీమ జనం చేపలు తినేది ఎంత? ఆదివారం వస్తే చికెన్, పండగైతే పొట్టేలు. అయితే మాత్ర మనకే పనికొస్తుందేమో? కావచ్చు. కానీ ఒక పెద్ద పరీక్ష మొత్తంగా తేలనప్పుడు, జనాన్ని ముక్కలు చేసి చూస్తే ఏదో ఒక ముక్కలో ఫలితం మెరుస్తుంది. దాన్ని మళ్ళీ వేరే పరీక్ష పెట్టి నిలబెట్టేదాకా అది ఒక అనుమానం మాత్రమే. అనుమానం మీద నెలనెలా డబ్బు పెడతారా అన్నది మీ ఇష్టం.

పెడితే గిడితే డబ్బా వెనక వైపు చదివి పెట్టండి. ముందు వైపు 1000 మిల్లీగ్రాములు అని ఉంటుంది, అది నూనె బరువు. వెనక చిన్న అక్షరాల్లో చాలా డబ్బాల మీద ఇ.పి.ఏ. 180, డి.హెచ్.ఏ. 120 అని ఉంటుంది. అంటే అసలు సరుకు 300, మిగతా 700 వేరే కొవ్వు. ఇందాక చెప్పిన రెడ్యూస్-ఇట్‌లో గుండెపోటు లాంటివి పాతిక శాతం తగ్గాయి నిజమే. కానీ అక్కడ ఇచ్చింది శుద్ధి చేసిన ఇ.పి.ఏ. మందు, రోజుకు నాలుగు గ్రాములు. ఆ లెక్క మన మాత్రలతో అందుకోవాలంటే నాలుగు వేలను 180తో భాగించండి. రోజుకు 22 మాత్రలు! టిఫినుకు బదులు అవే తినాలి. పైగా ఆ పరీక్షలో రెండో గుంపుకు ఇచ్చిన మినరల్ ఆయిలే చెడు చేసి ఉండొచ్చన్న వాదన ఇంకా తెగలేదు. దాదాపు అదే మోతాదులో ఇ.పి.ఏ., డి.హెచ్.ఏ. కలిపి ఇచ్చిన స్ట్రెంగ్త్ అనే పరీక్షను మేలు కనిపించక 2020లో మధ్యలోనే ఆపేశారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. పీలేరులో మా పెదనాయనకు స్టెంట్ వేసి ఏడు నెలలు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రోజూ వేసుకోవాలి. బెంగళూరులో ఉండే అన్న ప్రేమతో ఆన్‌లైన్‌లో చేపనూనె డబ్బా పంపించినాడు. కొన్నాళ్ళకు పళ్ళు తోముకునేటప్పుడు చిగుళ్ళలో రక్తం కనిపించింది. ఎవరో ఒక వీడియో పంపినారు, చేపనూనె రక్తాన్ని పలచన చేస్తాదని. ఆయన చేపనూనె మానేసినాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. "రక్తం పలచన చేసేటివే గదా ఇవి కూడా" అని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కూడా తీసి పక్కన పెట్టినాడు. మూడు రోజులు. మా పెద్దమ్మ మాత్రల పెట్టె సర్దతా చూసి, ఎక్కువ మిగిలినాయేంది అని అడిగితే బయటపడింది.

స్టెంట్ వేసిన మొదటి ఏడాదిలో ఆ రెండు మాత్రలు సొంతంగా ఆపితే స్టెంట్ లోపలే రక్తం గడ్డ కట్టొచ్చు. అది గుండెపోటు కన్నా తక్కువది కాదు, అదే గుండెపోటు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయినారు. ఆయన చేపనూనె ఒక్కటి ఆపేసి మిగతావి వెంటనే మొదలు పెట్టమన్నాడు. "ఇది వేసుకుంటా ఉన్నట్టు నాకెందుకు చెప్పలా పెద్దాయనా?" అని అడిగితే మా పెదనాయన చెప్పిన జవాబు: "అది మందు కాదు గదా సార్, చేపనూనె."

ఆ జవాబులో తప్పు ఆయనది మాత్రమే కాదు. మన చట్టం కూడా దాన్ని మందు అనదు. డబ్బా మీద ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నంబరు ఉంటుంది, అంటే అది ఆహారం కింద లెక్క. వైద్యం కోసం కాదు అనే మాట కూడా ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంటుంది. అమ్మేది మాత్రం మందుల షాపులో, మాత్ర రూపంలో, గుండె బొమ్మతో. వ్యాపారానికి మందు, బాధ్యతకు ఆహారం. హైదరాబాదులో మృగశిర కార్తెకు బత్తిని వారు కొర్రమీను పిల్లతో ఇచ్చేదాన్ని చేప మందు అనేవాళ్ళు, ఇప్పుడు చేప ప్రసాదం అంటున్నారు. దాన్ని చూసి నవ్వే ఇంజనీర్లు కూడా ఈ డబ్బా ముందు భక్తిగానే నిలబడతారు.

రక్తస్రావం భయం ఎంతవరకు నిజం అంటే, రోజుకు ఒక గ్రాము మోతాదులో ప్రమాదకరమైన రక్తస్రావం పెరిగినట్టు అసెండ్‌లో తేలలేదు. రెడ్యూస్-ఇట్‌లో నాలుగు గ్రాముల దగ్గర 2.1 శాతం 2.7 అయింది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ళు, ఆపరేషనుకు పోయేవాళ్ళు చేపనూనె వేసుకుంటున్నట్టు డాక్టర్‌కు చెప్పి తీరాలి. ఆపాలో వద్దో ఆయన చూసుకుంటాడు. ఇంకో గుంపు, ట్రైగ్లిజరైడ్లు 500 దాటినవాళ్ళు. అంత ఎక్కువైతే క్లోమానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి వాళ్ళకు డాక్టర్లు పెద్ద మోతాదు ఒమేగా త్రీని మందుగానే చీటీ మీద రాస్తారు. మీ ఇంట్లో ఎవరికైనా అట్లా రాసి ఉంటే, ఈ వ్యాసం చూపించి మాన్పించకండి. ఆ చీటీ పట్టుకుని రాసినాయన్నే అడగండి.

మనకు రాయనిది, మనమే కొనుక్కున్నది, అది ఎప్పుడైనా ఆపొచ్చు. మెల్లగా తగ్గించాల్సిన పని కూడా లేదు.

ఇంట్లో సీకాడ్ మాత్రలు ఉంటే అవి వేరే సరుకు అని గుర్తు పెట్టుకోండి. అది కాడ్ చేప కాలేయం నూనె, అందులో విటమిన్ ఏ, డి ఉంటాయి. విటమిన్ ఏ ఎక్కువైతే ఒంట్లో పేరుకుంటుంది, కడుపుతో ఉన్నవాళ్ళకు అసలు మంచిది కాదు. మా జేజి కాలం నుంచి కళ్ళకు మంచిదని వేసుకుంటున్నాం అని అక్కకో వదినకో ఇచ్చేయకండి.

ఇంకా వేసుకుంటాం అనేవాళ్ళకు ఒక ప్రయోగం. ఒక మాత్రను సూదితో పొడిచి వాసన చూడండి. డి.హెచ్.ఏ. అణువులో ఆరు డబుల్ బాండ్లు, ఇ.పి.ఏ.లో ఐదు. గాలి, వేడి తగిలితే ఆక్సిజన్ వచ్చి పట్టుకునేది అక్కడే. మే నెల తిరుపతి ఎండలో హాస్టల్ కిటికీ పక్కన పెట్టిన డబ్బా ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. పాత రంగుడబ్బా వాసన, ముక్కిన వాసన వస్తే పారేయండి, ఎక్స్‌పైరీ తేదీ ఏమున్నా సరే.

చేపలు తినేవాళ్ళకు నేరుగా చేపే ఉంది. వారానికి రెండు సార్లు చేప తినమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పేది మాత్రల గురించి కాదు. వంద గ్రాముల కవళ్ళలో ఒక గ్రాముకు అటూ ఇటూగా ఒమేగా త్రీ దొరుకుతుంది, ఇందాకటి మాత్రలు మూడింటికి సమానం, ప్రోటీన్ అదనం. కానాగంత కూడా మంచిదే. దాని శాస్త్రీయ నామం రాస్ట్రెలిజర్ కానగుర్తా. విశాఖలో చేపల బొమ్మలు గీయించి 1803లో పుస్తకం వేసిన ప్యాట్రిక్ రసెల్ మనవాళ్ళ పేరునే రాసుకున్నాడు, అదే లోకమంతా నిలిచిపోయింది. 2022లో జిల్లాలు మారాక పులికాట్ ఒడ్డు కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చింది, సముద్రం మనకు మునుపటంత పరాయిది కాదు. మార్కెట్లో ఎక్కువగా దొరికే చెరువు చేపలు శీలావతి, బొచ్చెల్లో మాత్రం ఒమేగా త్రీ అంతగా ఉండదు.

శాకాహారులకు అవిసె గింజలున్నాయి, వాటి ఒమేగా త్రీలో మన ఒంట్లో ఇ.పి.ఏ.గా మారేది కొంచెమే అయినా. మన వేరుశనగ నూనెలో అది దాదాపు సున్నా. తప్పనిసరి అయితే సముద్రపు నాచు నుంచి తీసిన నూనె దొరుకుతుంది, చేపలకు కూడా ఒమేగా త్రీ మొదట వచ్చేది ఆ నాచు నుంచే. మందే కదా అని కళ్ళు మూసుకుని చేపనూనె మింగుతున్న మా శాకాహార మిత్రులు డబ్బా మీద ఉన్న గుర్తు రంగు ఒకసారి చూసుకుంటే మంచిది.

మెస్ కమిటీకి ఇచ్చే అర్జీలో నెలకు రెండు ఆదివారాలు చికెన్ బదులు కవళ్ళ పులుసు అని రాశాను. ఇప్పటికి పదకొండు సంతకాలు వచ్చాయి. ముళ్ళు ఎవరు తీస్తారు అని అడిగినవాళ్ళు ఇరవై మంది.