పాత మరణ రిజిస్టర్లు: హక్కు ఉన్నా చేరని సమాచారం

జనన మరణాల నమోదు సవరణ చట్టం 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. జాతీయస్థాయి డేటాబేస్, డిజిటల్ ధ్రువపత్రాలు దీని ప్రధానాంశాలు. అయితే ఇది ముఖ్యంగా ఇకపై జరిగే నమోదుకు సంబంధించిన ఏర్పాటు. తాతముత్తాతల వివరాలు వెతికేవారికి కావలసింది పాత రిజిస్టర్లు.

1969 నాటి మూల చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రుసుము చెల్లించి రిజిస్టరులో వివరాలు వెతికించవచ్చు. మరణ ధ్రువపత్రం పొందవచ్చు. మరణ కారణాన్ని మాత్రం అందులో వెల్లడించరు. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో 1899 నాటి చట్టం ఉండేది. గ్రామాల్లో ఇలాంటి నమోదు బాధ్యత గ్రామాధికారులు చూసేవారు. ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు పదవులు 1984లో రద్దయ్యాయి. కాబట్టి ఊరు, మరణించిన సంవత్సరం సుమారుగానైనా తెలియనిదే అన్వేషణ ముందుకు సాగడం కష్టం.

పత్రికల్లోని సంతాప ప్రకటనలు కొంత తోడ్పడతాయి. కానీ ప్రకటన ఇచ్చే స్తోమత అందరికీ ఉండదు. నిరుపేద మరణానికి మిగిలే లిఖిత సాక్ష్యం చాలాసార్లు ఆ రిజిస్టరులోని ఒక్క వరుసే. పుటలు శిథిలమైతే చట్టమిచ్చిన హక్కు కూడా నిరర్థకమవుతుంది. పాత పుస్తకాల డిజిటలీకరణకూ అంతే ప్రాధాన్యం దక్కాలి.